ఆదివారం మధ్యాహ్నం పడుకుంటే తప్పు చేసినట్టు ఎందుకుంటోంది?

మల్లెతీగ (ఎంవీపీ కాలనీ, విశాఖ)
ఏప్రిల్ 26, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఇవాళ అన్నాలయ్యాక, బయట ఎండ మండిపోతోందని కర్టెన్లు వేసేసి కాసేపు నడుం వాల్చాను. కన్ను అంటుకునే వేళకి మా అమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో ఫిజిక్స్ పుస్తకం. చదువుతున్న పేజీ పోకుండా మధ్యలో వేలు పెట్టుకుంది. "అమ్మా, నేను కూడా ఒక్క అరగంట పడుకోనా?" అంది. సినిమాకి పంపమని అడిగేటప్పుడు ఎలా నసుగుతుందో అలా. సొంత ఇంట్లో, ఆదివారం పూట, నిద్రపోవడానికి పిల్ల పర్మిషన్ అడుగుతుంటే నాకు గుండెలో కలుక్కుమంది.

పడుకో తల్లీ అన్నాను. నా పక్కనే పడుకుంది. ఇరవై నిమిషాలు కూడా అవలేదు, లేచి కూర్చుంది. ఏమైందమ్మా అంటే, "ఈపాటికి పక్క బ్లాకు పిల్ల ఒక చాప్టరు అవగొట్టేసి ఉంటుంది" అంది.

ఈ బుద్ధి ఎక్కడ నేర్చుకుందా అని రాత్రి వరకూ ఆలోచించాను. నా దగ్గరే నేర్చుకుంది. నాది రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా బ్యాచ్‌లో ఎవరు మేనేజర్ అయ్యారో, ఎవరు అమెరికా వెళ్ళారో భోజనాల దగ్గర కూర్చుని నేనే లెక్కలు చెబుతుంటాను. సెలవు పెట్టిన రోజు కూడా లాప్‌టాప్ మూయను. ఇంటర్ ఫస్టియర్ రిజల్ట్స్ వచ్చిన రోజు మా అపార్ట్‌మెంట్ గ్రూపు నిండా మార్కులే. దానికి మంచి మార్కులే వచ్చాయి. సంతోషపడే ముందు నేను అడిగిన మొదటి మాట, "పక్క బ్లాకు అమ్మాయికి ఎన్నొచ్చాయి?"

ఇప్పుడు సెకండియర్. పిల్లకి విశ్రాంతి తీసుకోవడం నేర్పాలని ఉంది. నాకే చేతకాదు. మీ ఇళ్ళలో ఎలా చేస్తున్నారు?

సీ_షిఫ్ట్ (కూర్మన్నపాలెం)
ఏప్రిల్ 27, ఉదయం 6:15

అమ్మా, నేను స్టీల్‌ప్లాంట్‌లో ముప్పైమూడేళ్ళు చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఇనుము కరిగించే కొలిమి, బ్లాస్ట్ ఫర్నేసు దగ్గరే. మా ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఒకసారి వెలిగించాక పండగనీ ఆదివారమనీ ఆపడానికి ఉండదు. అది ఆగదు కాబట్టే మనుషులకి ఏ, బీ, సీ అని మూడు షిఫ్టులు. మన తర్వాతి షిఫ్టువాడు, అంటే రిలీవర్, వచ్చి, రిజిస్టరు చూసుకుని, "ఇంక నువ్వెళ్ళు" అన్నాక మన బరువు దిగిపోతుంది. ఆ ఫర్నేసుకి కూడా కొన్నేళ్ళకోసారి క్యాపిటల్ రిపేర్ చేస్తారు. చల్లార్చి, లోపల అరిగిపోయిన ఇటుకలు తీసేసి కొత్తవి కడతారు. నెలల తరబడి పని. ప్రొడక్షన్ పోతుందని ఎవరూ దాన్ని ఎగ్గొట్టరు.

నా రిపేరు నేను ఎగ్గొట్టాను. నాతోపాటు చేరినతను ఇంటి స్థలం కొన్నాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఎవరూ వేయమనకపోయినా అడిగి మరీ ఓటీలు (ఓవర్‌టైమ్) వేయించుకున్నాను. ఆర్నెల్లు అలా సాగింది. ఒకరోజు సీ షిఫ్ట్ దిగి పొద్దున్నే స్కూటర్ మీద ఇంటికొస్తున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, దారి మాత్రం కనపడలేదు. రోడ్డు పక్క ఇసుక గుట్టలోకి పోయాను. ఇసుక కాబట్టి చెయ్యి విరగడంతో పోయింది.

నలభై అయిదు రోజులు ఇంట్లో ఉన్నాను. మా పెద్దవాడు ఎడమ చేత్తో రాస్తాడని ఆ రోజుల్లోనే మొదటిసారి చూశాను. వాడికప్పటికి ఆరేళ్ళు.

స్థలం తర్వాత నేనూ కొన్నాను. ఆ ఆరేళ్ళు ఎక్కడ కొంటాను.

పోటీ_తప్పదు (సీతమ్మధార)
ఏప్రిల్ 27, ఉదయం 10:05

అందరూ నన్ను తిట్టుకున్నా సరే, రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి. 2025లో నీట్‌కి పేరిచ్చుకున్నవాళ్ళు 22 లక్షల పైచిలుకు. అందులో గవర్నమెంటు సీటు వచ్చేది ఎంతమందికి? మావాడు రెండేళ్ళు ఆదివారం అనేది చూడలేదు. సీటు వచ్చింది. ఈ రెండేళ్ళు కష్టపడితే తర్వాత జీవితమంతా సుఖమే అని వాడికి చెప్పాను, అదే జరిగింది. మల్లెతీగ గారూ, మీ అమ్మాయికి ఉన్న కసిని మీరు చల్లార్చకండి.

లాంగ్‌టర్మ్_రెండోసారి (మద్దిలపాలెం)
ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1:30

అంకుల్, మీ అబ్బాయికి సీటు వచ్చినందుకు నిజంగా సంతోషం. నాకు రెండుసార్లూ రాలేదు, అందుకని నా సంగతి కూడా చెబుతాను.

హాస్టల్లో ఉండేవాణ్ణి. పేరు వద్దు. తెల్లవారుజామున అయిదింటికి బెల్లు, రాత్రి పదకొండుకి స్టడీ అవర్ అయిపోయేది. సోమవారం సోమవారం వీక్లీ టెస్టు ర్యాంకులు మెట్ల దగ్గర గోడకి అంటించేవాళ్ళు. మెస్సుకి వెళ్ళాలంటే ఆ మెట్లు దిగాల్సిందే. అన్నం తినబోయే ముందు ఎవడు నీకన్నా పైన ఉన్నాడో చూసుకుని వెళ్ళాలన్నమాట. నేను స్నానానికి వెళ్ళినప్పుడు బకెట్ నిండాక కూడా కొళాయి కట్టేవాణ్ణి కాదు. నీళ్ళ చప్పుడు వినిపిస్తే లోపల ఉన్నాడనుకుని ఎవరూ పిలవరు. బకెట్ పక్కన గోడకి ఆనుకుని పది నిమిషాలు ఊరికే కూర్చునేవాణ్ణి. రోజు మొత్తంలో నాకు దొరికిన రెస్టు అదొక్కటే.

చివరికి వచ్చేసరికి చదివిందే చదువుతున్నా తలకెక్కేది కాదు. ఇంకా ఎక్కువసేపు కూర్చునేవాణ్ణి. ఇప్పుడు బీఎస్సీ చేస్తున్నాను. రోజూ ఏడు గంటలు పడుకుంటాను, మార్కులు బాగానే వస్తున్నాయి.

ఆంటీ, మీ అమ్మాయి మీ దగ్గరికొచ్చి అడిగింది చూడండి, అది చాలా పెద్ద విషయం. నేను మా అమ్మని ఎప్పుడూ అడగలేదు.

నిద్రగన్నేరు (పెదవాల్తేరు)
ఏప్రిల్ 27, రాత్రి 8:50

బాబూ, బకెట్ పక్కన కూర్చున్నానన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. ఇలా రాయడానికి ధైర్యం కావాలి.

తలకెక్కలేదు అన్నావే, దానికి కారణం ఉంది. నేను ఫిజియాలజీ చెప్పి రిటైరైన దాన్ని, నాకు తెలిసినంత చెబుతాను. పగలు చదివింది మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం ముందు పట్టుకుంటుంది. మనం గాఢనిద్రలో ఉన్నప్పుడు అది కాస్త కాస్తగా పైపొరల్లోకి వెళ్ళి స్థిరపడుతుంది. నిద్ర తగ్గించి చదవడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. ఇది కొత్త సంగతేం కాదు. 1924లోనే అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇద్దరు విద్యార్థులకి అర్థం లేని అక్షరాలు బట్టీ పట్టించారు. కొన్నిసార్లు నిద్రపోనిచ్చి, కొన్నిసార్లు మెలకువగా ఉంచి, అన్నే గంటల తర్వాత అప్పజెప్పమన్నారు. నిద్రపోయి లేచినప్పుడే ఎక్కువ గుర్తున్నాయి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలు అంత నిద్రపోతున్నారు?

పోటీ_తప్పదు గారూ, ఈ రెండేళ్ళూ కష్టపడితే తర్వాత సుఖమే అన్నారు. మల్లెతీగ గారి పోస్టు మళ్ళీ చదవండి. ఆవిడ ఆ రెండేళ్ళూ దాటొచ్చి, ఉద్యోగం తెచ్చుకుని, పిల్లని ఇంటర్ దాకా పెంచిన మనిషి. ఆదివారం గంటసేపు పడుకోలేకపోతున్నారు. ఆ "తర్వాత" ఎప్పుడు వస్తుందో చెప్పండి.

వేదిక_నిర్వాహకులు
ఏప్రిల్ 27, రాత్రి 9:30

ఒక సమాచారం. మన విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ళ అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. ఆ కేసులోనే సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టడం, నలుగురిలో సిగ్గుపరచడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలని అందులో ఉంది. వందమంది, అంతకు మించి పిల్లలున్న చోట కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలి. మీ పిల్లల కాలేజీలో ఉన్నారో లేదో తల్లిదండ్రులుగా మీరు అడగొచ్చు, అడగండి. మనసు బాగా బరువుగా ఉన్నవాళ్ళు ఎవరైనా సరే 14416కి ఫోన్ చేయొచ్చు. అది గవర్నమెంటు వారి టెలీ మానస్. డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

గాజువాక_ఆటో
ఏప్రిల్ 28, రాత్రి 11:20

ఇప్పుడే బండి పెట్టి వచ్చాను. అన్నీ చదివాను. తప్పుగా అనుకోకండి, ఈ మాటలన్నీ నెల జీతం వచ్చేవాళ్ళవి. ఆదివారం నేను బండి తీయకపోతే ఆ రోజు ఇంట్లోకి రూపాయి రాదు. ఫైనాన్స్ కిస్తీకి ఆదివారం తెలీదు. బీచ్ రోడ్డుకి జనం వచ్చేదే ఆదివారం సాయంత్రం, మాకు నాలుగు డబ్బులు కనపడేదీ అప్పుడే. ఒళ్ళు నొప్పులకి మాత్ర వేసుకుని పోతాను.

మావాడు టెన్త్. నాలాగా కాకూడదనే కదా చదవరా చదవరా అని వెంటపడేది. వాడైనా ఆదివారం పడుకుంటాడని. ఇప్పుడు వాణ్ణి పడుకోమని ఏ నోటితో చెప్పను?

సీ_షిఫ్ట్
ఏప్రిల్ 29, ఉదయం 5:50

తమ్ముడూ, నీ మాటకి నా దగ్గర జవాబు లేదు. నాకు రిలీవర్ ఉన్నాడు. నీకు లేడు.

నిద్రగన్నేరు
ఏప్రిల్ 29, ఉదయం 9:10

గాజువాక తమ్ముడూ, ఆదివారం సెలవు మన దేశంలో జీతగాళ్ళకి కూడా ఎవరూ ఊరికే ఇవ్వలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో వారమంతా పనే. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన మిల్లు కార్మికుల్ని కూడగట్టి ఏళ్ళ తరబడి అడిగితే, 1890 జూన్ 10న యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. విశ్రాంతి డబ్బున్నవాళ్ళ ముచ్చట అయితే అంతమంది కూలీలు దానికోసం ఎందుకు కొట్లాడతారు?

ఒంటికి సంబంధించింది ఒకటి చెప్పాలి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకి పక్షవాతం వచ్చే ముప్పు, 35–40 గంటలు చేసేవాళ్ళకన్నా 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్క తేల్చాయి. మీరు వారానికి ఎన్ని గంటలు నడుపుతారో నాకు తెలీదు. ఒళ్ళు నొప్పుల మాత్రలు మాత్రం రోజూ వేసుకోకండి, కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంది. ఒకసారి బీపీ చూపించుకోండి.

సింహగిరి
ఏప్రిల్ 29, సాయంత్రం 6:00

మా నాయనమ్మ అనేది, గుడిలో దేవుడికే రాత్రి పవళింపు సేవ చేసి తలుపులు మూస్తారు, మనమెంత అని. తొలి ఏకాదశికి పడుకున్న స్వామి కార్తీకంలో గానీ లేవడు. చిన్నప్పుడు కథలా విన్నాను. ఈ చర్చ చదివాక ఆవిడ ఎందుకు చెప్పేదో తెలిసింది.

వంటింటి_దీపం (అక్కయ్యపాలెం)
ఏప్రిల్ 30, మధ్యాహ్నం 3:15

ఇంతమంది రాశారు, ఆదివారం గిన్నెలు ఎవరు తోముతారో ఒక్కరూ రాయలేదు. అందరికీ సెలవున్న రోజే మాకు రెండింతల పని. చికెను, చారు, నాలుగింటికి టీ. నేను ఉద్యోగం చేయను కాబట్టి నాకు రెస్టు అనే మాటే వర్తించదని మా ఇంట్లో అందరి నమ్మకం, మొన్నటిదాకా నాక్కూడా అదే నమ్మకం. మల్లెతీగ అక్కా, మీరు ఏం ఏర్పాటు చేసినా అందులో వంటింటిని కూడా కలపండి.

జాలారిపేట_కుర్రాడు
మే 2, రాత్రి 10:10

మా నాన్న బోటు నడిపే సరంగు. నేను ఉద్యోగం చేస్తున్నా ఇంకా పేటలోనే ఉంటాం. ఇప్పుడు వేట నిషేధం నడుస్తోంది కదా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. 2015కి ముందు 47 రోజులే ఉండేది. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇప్పుడు పడితే వచ్చే ఏడు పట్టడానికి ఏమీ మిగలదు. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చూడండి, మరబోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. ఇంజన్లు విప్పి బాగు చేయిస్తారు, రంగులు వేస్తారు, చిరిగిన వలలు కడతారు. మిగతా పది నెలల్లో కూతురి పెళ్ళి మాటలు మాట్లాడ్డానికి కూడా మావాళ్ళకి తీరదు.

నేను చిన్నప్పట్నుంచి చూస్తున్నదొకటి చెబుతాను. మామూలు రోజుల్లో మా నాన్నకి జ్వరమొచ్చినా మంచం మీద ఉండలేడు. పక్క బోటు ఎంత వేట తెచ్చింది, ఎవరికి ట్యూనా పడింది, ఇదే అడుగుతుంటాడు. నిషేధం రోజుల్లో అదే మనిషి, అదే మంచం, మధ్యాహ్నం అన్నం తిని గురక పెట్టి నిద్రపోతాడు. ఎందుకంటే పక్క బోటు కూడా కట్టేసి ఉంది. తాను పడుకుంటే ఎవడో ముందుకి పోతాడన్న బెంగ లేదు. ఒక్క బోటునే ఆపమని ఉంటే మా నాన్న ఆ 61 రోజులూ గట్టు మీద నిలబడి సముద్రం కేసి చూస్తూ గడిపేవాడు.

మల్లెతీగ అక్కా, మీ పాప ఒక్కత్తినీ పడుకోమంటే పడుకోలేదు. పక్క బ్లాకు బోటు కూడా ఆగాలి.

గాజువాక అన్నకి ఒక మాట. ఈ రెండు నెలలకీ గవర్నమెంటు భృతి ఇస్తుంది. పదివేలు ఉండేది, 2025లో ఇరవై వేలు చేశారు. సరిపోతుందా అంటే సరిపోదు, అప్పులవుతాయి. కానీ ఇంట్లో బియ్యం లేకుండా ఆగమంటే ఎవడూ ఆగడని ఆ భృతి పెట్టినవాళ్ళకి తెలుసు. మీ ఆటోవాళ్ళకి అలాంటిది ఏమీ లేకపోవడం మీ తప్పు కాదు.

గాజువాక_ఆటో
మే 3, ఉదయం 5:30

తమ్ముడు చెప్పింది నిజం. మా స్టాండులో పద్దెనిమిది బళ్ళు. ఎవడికి వాడు ఇంకొకడి గిరాకీ పోతుందనే రాత్రి పన్నెండు దాకా ఉంటాం. ఒకసారి అందరితో మాట్లాడి చూస్తాను.

పోటీ_తప్పదు
మే 3, రాత్రి 9:45

మూడు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మావాడు ఇప్పుడు మెడిసిన్ రెండో ఏడు. నిన్న ఫోన్ చేసి, చదువు ఎలా ఉంది అనబోయి, ఆగి, నిద్ర పడుతోందారా అని అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, పట్టట్లేదు నాన్నా అన్నాడు. శనివారం వాడి దగ్గరికి వెళ్తున్నాం.

మల్లెతీగ
మే 11, రాత్రి 8:30

అందరికీ చెప్పాలి, అందుకే వచ్చాను.

జాలారిపేట తమ్ముడి పోస్టు చదివిన మర్నాడు పక్క బ్లాకుకి వెళ్ళాను. ఆ అమ్మాయి వాళ్ళమ్మ నాకు లిఫ్టులో నవ్వే పరిచయమే, ఇంట్లోకి ఎప్పుడూ వెళ్ళలేదు. కూర్చున్నాక ఎలా మొదలుపెట్టాలో తెలీక, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. మా అమ్మాయి మీ అమ్మాయిని తలుచుకుని నిద్రలేస్తోందండీ అని.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "మాది రాత్రి రెండింటికి లేచి బాల్కనీలోకి వెళ్తుందండీ. మీ ఇంట్లో లైటు వెలుగుతోందేమో చూసి వస్తుంది" అన్నారు.

ఆ లైటు మా అమ్మాయిది కాదు. నాది. అమెరికా వాళ్ళతో కాల్స్ ఉన్న రోజుల్లో హాల్లో కూర్చుని పనిచేసుకుంటాను.

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక మాట అనుకున్నాం. ఆదివారం ఒంటిగంట నుంచి అయిదు వరకు రెండిళ్ళలోనూ పుస్తకాలు, లాప్‌టాప్‌లు, ఫోన్లు బీరువాలో. రాత్రి పదకొండుకి రెండిళ్ళలోనూ లైట్లు ఆర్పేయాలి. నా కాల్స్ లోపలి గదిలో, తలుపు వేసుకుని. ఎన్ని కాల్స్ తగ్గించగలనో ఆఫీసులో అడిగాను, వారానికి రెండు తగ్గాయి. అపార్ట్‌మెంట్ గ్రూపులో మార్కులు పెట్టొద్దని ఇద్దరం కలిసి రాశాం. ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు గొడవ పెట్టుకున్నారు, మిగతావాళ్ళు ఏమీ అనలేదు.

వంటింటి దీపం గారూ, మీ మాట మర్చిపోలేదు. ఆదివారం కూర శనివారం రాత్రే వండేస్తున్నాం, గిన్నెలు మా ఆయన తోముతున్నారు.

మొన్న ఆదివారం కుదరలేదు, ఇద్దరు పిల్లలూ లోపల్లోపల మెసేజ్‌లు పెట్టుకున్నారు నువ్వు నిజంగా చదవట్లేదా అని. ఫోన్ బీరువాలో పెట్టాలన్న రూలు అందుకే వచ్చింది. నిన్న మాత్రం మా అమ్మాయి రెండింటికి పడుకుని అయిదున్నరకి లేచింది. బుగ్గ మీద తలగడ చారలు. చిన్నప్పుడు చూశాను, మళ్ళీ నిన్నే చూడటం.

వంటింటి_దీపం
మే 12, ఉదయం 11:00

ఆ చారల సంగతి మా ఇంట్లో చదివి వినిపించాను. ఈ ఆదివారం టీ ఆయన పెడతారట.

గాజువాక_ఆటో
మే 24, రాత్రి 10:40

స్టాండులో మాట్లాడాను. ఆదివారం కుదరదన్నారు, నిజమే కుదరదు. బుధవారం మధ్యాహ్నం గిరాకీ ఎలాగూ తక్కువ. పన్నెండు నుంచి నాలుగు వరకు సగం బళ్ళు ఒక వారం, సగం బళ్ళు ఇంకో వారం ఆపుదామని పదకొండుమంది ఒప్పుకున్నారు. మొన్న బుధవారం నా వంతు. వేపచెట్టు కింద బండిలోనే పడుకున్నాను. డాక్టరమ్మా, బీపీ చూపించుకున్నాను, ఎక్కువుందన్నారు, మాత్రలిచ్చారు. మావాణ్ణి రాత్రి పదిన్నరకి పడుకోమంటున్నాను.

జాలారిపేట_కుర్రాడు
జూన్ 14, సాయంత్రం 6:20

ఈ రాత్రితో నిషేధం అయిపోతోంది. పొద్దుట హార్బర్‌కి వెళ్ళాను. ఐసు, డీజిలు, మంచినీళ్ళు ఎక్కిస్తున్నారు. కొబ్బరికాయలు, నిమ్మకాయలు గుట్టలు పోసి అమ్ముతున్నారు. అర్ధరాత్రి దాటాక అన్ని బోట్లూ ఒక్కసారే బయల్దేరతాయి. నాన్న మూడింటికి ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాడు. పదింటికి లేపమన్నాడు.